తిన్నడి వాటా 11 శాతం

ముందే చెబుతున్నాను, నేను జంతు ప్రేమికుణ్ణి. ఊరికే అనడం లేదు, ఆధారాలున్నాయి. నా వాట్సాప్ డీపీలో పులి ఉంటుంది. పర్యావరణ దినోత్సవం నాడు ఫ్యామిలీ గ్రూపులో అందరికన్నా ముందు మొక్క బొమ్మ పెట్టేది నేనే. ఆదివారం మటన్ తింటాను, నిజమే. కానీ ఆ మేకతో నాకు ముఖపరిచయం లేదు.

మేముండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ పక్కన. ఇక్కడ ఏటా నవంబర్ 15న తుపాకీతో జింకల వేట మొదలవుతుంది. మనకి సంక్రాంతి ఎలాగో ఈ రాష్ట్రంలో చాలామందికి అది అలాగ. ఆ రోజు బళ్లకి సెలవిచ్చే ఊళ్లు కూడా ఉన్నాయి. మా ఆఫీసులో నా పక్క సీటాయన ఆ వారానికి ఆగస్టులోనే లీవు పెట్టేసుకుంటాడు. ఒకసారి ఉండబట్టలేక, వీలైనంత బుద్ధుడి ముఖం పెట్టి, "ఆ మూగజీవాలు నీకేం అన్యాయం చేశాయి?" అని అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. కాఫీ కలుపుకుంటూ, "అవి ఉండే అడివికి డబ్బు కట్టేది నేను. నువ్వు ఇప్పటిదాకా ఎంత కట్టావు?" అన్నాడు.

ఆ రాత్రి లెక్క తీశాను. ఇన్నేళ్ల అమెరికా కాపురంలో జంతువుల కోసం నేను పెట్టిన ఖర్చు: జూ టికెట్లు, పార్కింగ్‌తో కలిపి.

ఆయన మాట అబద్ధమైతే బాగుండునని చాలా వెతికాను. కాదు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం అని ఒకటి వచ్చింది. తుపాకుల మీదా తూటాల మీదా పన్ను అప్పటికే ఉంది (ఇప్పుడది పొడుగు తుపాకులకీ తూటాలకీ 11 శాతం), ఆ సొమ్ము ఖజానాలో పడి అన్నిటితో కలిసిపోయేది. దాన్ని విడదీసి, ఇది అడివి జంతువులకి, పక్షులకి మాత్రమే అని పక్కన పెట్టారు. రాష్ట్రం ఒక డాలర్ పెడితే కేంద్రం మూడు ఇస్తుంది. దానికో మెలిక కూడా ఉంది. వేట లైసెన్సుల మీద వచ్చిన డబ్బుని ఏ రాష్ట్రమైనా రోడ్లకో వంతెనలకో వాడుకుంటే కేంద్రం వాటా ఆగిపోతుంది. ఒక పద్దు కింద వసూలైన డబ్బు ఎనభై ఏళ్లు దాటినా ఆ పద్దు కిందే ఖర్చవుతోందట! 'నిధుల మళ్లింపు' అనే మాటని పేపర్లో చదువుతూ పెరిగిన తెలుగువాణ్ణి, ఇక్కడ కాసేపు ఆగి మంచినీళ్లు తాగాను.

ఫలితం కళ్ల ముందే ఉంది. 1900 ప్రాంతంలో దేశం మొత్తం మీద ఐదు లక్షలకి పడిపోయాయని అంచనా వేసిన తెల్లతోక జింకలు ఇప్పుడు సుమారు మూడు కోట్లు. ఆ మూడు కోట్లలో మూడు మా పెరట్లోకి వస్తాయి. ఆ సంగతి తర్వాత.

మన శ్రీకాళహస్తిలో తిన్నడి కథ ఉంది కదా. పూజారి మడి కట్టుకుని బిల్వపత్రాలు తెచ్చేవాడు. వేటగాడైన తిన్నడు నోట్లో నీళ్లు పట్టి తెచ్చి అభిషేకం చేసేవాడు, కాల్చిన మాంసం రుచి చూసి మరీ నైవేద్యం పెట్టేవాడు. పూజారి ముక్కు మూసుకుని శుభ్రం చేసుకునేవాడు. తీరా శివుడి కంట్లోంచి రక్తం కారిన రోజున తన కన్ను పెరికి ఇచ్చింది మాంసం తెచ్చినవాడే. మడివాడు చాటున నిలబడి చూశాడు. నా డీపీలో పులి ఆ బిల్వపత్రం లాంటిది. నా పక్క సీటాయన తిన్నడు. కాకపోతే కలికాలం కాబట్టి కన్ను మొత్తం ఇవ్వడు, 11 శాతం ఇస్తాడు.

మన పెద్దలు వేటని సప్త వ్యసనాల్లో చేర్చారు, జూదం, మద్యం పక్కన. పురాణాల్లో వేటకెళ్లి సుఖంగా ఇంటికి చేరిన రాజు గుర్తు చేసుకుందామంటే ఒక పట్టాన తట్టడు. దశరథుడికి శాపం, పాండురాజుకి శాపం, లేడి వెనక వెళ్లిన రాముడికి ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. అమెరికా వాళ్లు శాపాన్ని పన్నుగా మార్చారు. వ్యసనం మీద పన్ను వెయ్యడం మన ప్రభుత్వాలకి చేతకాదని కాదు, కాకపోతే ఆ ప్రతిభ మందు సీసా దగ్గర ఆగిపోయింది.

అలాగని వేటగాళ్లకి పూలదండలు ఆర్డరిచ్చెయ్యకండి. 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో మార్తా అనే పావురం చచ్చిపోయింది. ప్యాసింజర్ పావురాల జాతిలో ఆఖరిది. గుంపు పైనుంచి పోతే ఆకాశం మూసుకుపోయేదని చెప్పుకునే పక్షులవి. పీపాల్లో కుక్కి రైళ్లకెక్కించి పట్నాల్లో అమ్ముకున్నారు. "వాళ్లు అమ్ముకోడానికి చంపినవాళ్లు, మేం సరదాకి వేటాడేవాళ్లం, మమ్మల్ని వాళ్లతో కలపకండి" అంటారు ఇప్పటివాళ్లు. తేడా ఉన్న మాట నిజమే. మార్తాని అడిగి ఉంటే ఇంకా బాగా విడమరిచి చెప్పేది.

ఈ రెండు ముఖాలూ ఒక్క మనిషిలో చూడాలంటే థియోడర్ రూజ్‌వెల్ట్ ఉన్నాడు. 1902లో చెట్టుకి కట్టేసిన ఎలుగుబంటిని కాల్చడం మర్యాద కాదని తను తుపాకీ ఎత్తలేదు. ఆయన ముద్దుపేరు మీద ప్రపంచానికి టెడ్డీ బేర్ దక్కింది. ప్రెసిడెంటుగా దాదాపు 23 కోట్ల ఎకరాలకి రక్షణ కల్పించాడు. పదవి దిగగానే, 1909లో, కొడుకుని వెంటబెట్టుకుని ఆఫ్రికా బయల్దేరాడు. తండ్రీ కొడుకులు కలిసి 512 జంతువుల్ని కాల్చారు, మ్యూజియం కోసమని. కాల్చని ఒక్క ఎలుగుబంటికి వడ్డీ, చక్రవడ్డీ వసూలైనట్టే.

బాతుల కథ ఇంకా బాగుంటుంది. 1934లో వన్యప్రాణుల శాఖకి పెద్దగా ఒక కార్టూనిస్టుని వేశారు. పేరు జే డార్లింగ్, అందరికీ 'డింగ్'. అప్పటి ప్రెసిడెంటుని తన బొమ్మల్లో ఏకిపారేసినవాడు. నోరున్నవాడికి పదవి ఇచ్చి చల్లబరచడం మనకి కొత్త కాదు. ఈయన మాత్రం చల్లబడలేదు, మొట్టమొదటి డక్ స్టాంపు బొమ్మ కూడా తనే గీసిచ్చాడు. పదహారేళ్లు దాటిన ఎవరైనా బాతుల వేటకి వెళ్లాలంటే ఆ స్టాంపు కొనాల్సిందే. దాన్ని కవరు మీద అంటిస్తే ఉత్తరం ఎక్కడికీ వెళ్లదు. అప్పుడు ఒక డాలర్, ఇప్పుడు 25. ప్రతి డాలర్లో 98 సెంట్లు బాతులు దిగే చిత్తడి నేలలు కొనడానికీ కాపాడడానికీ వెళ్తాయి. ఇప్పటికి 60 లక్షల ఎకరాలు దాటింది. అంటే బాతుని కాల్చేవాడు ముందు దానికి ఇల్లు కొనిపెడుతున్నాడు. భీమవరం వైపు పందెం కోడికి బాదంపప్పు, జీడిపప్పు పెట్టి మేపే ఆసామికి ఈ రకం ప్రేమ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇక మా పార్టీ, అంటే చంపనివాళ్లం. 2022 జాతీయ సర్వే ప్రకారం వేటాడేవాళ్లు కోటీ 44 లక్షల మంది. ఊరికే చూసి మురిసిపోయేవాళ్లు దాదాపు 14 కోట్ల 80 లక్షలు. పదింతలున్నాం, ఎన్నికైతే డిపాజిట్లు గల్లంతు చేసేవాళ్లం. 1990ల్లో ఎవరో మంచి ఆలోచనే చేశారు: తుపాకీ మీద ఉన్నట్టే బైనాక్యులర్ల మీద, టెంట్ల మీద, పిట్టలకి వేసే గింజల మీద కూడా కాస్త పన్ను వేద్దామని. ఆ సామాన్లు చేసే కంపెనీలు గగ్గోలు పెట్టాయి. ప్రతిపాదన అటకెక్కింది. పిట్టల మీద మా ప్రేమ నిష్కల్మషమైనది, దాన్ని డబ్బుతో మలినం చెయ్యడానికి మేం ఒప్పుకోలేదు.

ఇంకో విచిత్రం చూడండి. ఇప్పుడు ఆ తుపాకీ పన్ను కట్టేవాళ్లలో చాలామంది అడివి మొహం చూడరు. చేతి తుపాకుల మీద ఉన్న 10 శాతాన్ని 1970లో ఈ పద్దులో కలిపారు. దొంగల భయంతో మంచం పక్కన పెట్టుకునేవాడూ, గిట్టని పార్టీ గెలిస్తే తుపాకులు దొరకవేమోనన్న టెన్షన్‌తో ముందుగా నాలుగు కొని పడేసేవాడూ, అందరూ తెలీకుండానే ప్రకృతి పరిరక్షకులు. 2022లో రాష్ట్రాలకి పంచిన సొమ్ము వంద కోట్ల డాలర్లు దాటింది. ఇక్కడ టీవీ చర్చ ఎంత వేడెక్కితే అడివిలో జింకకి అంత మేత.

ఆ సొమ్ములో ఎక్కువ భాగాన్ని పంచేటప్పుడు సగం రాష్ట్రం విస్తీర్ణాన్ని బట్టి, సగం లైసెన్సున్న వేటగాళ్ల సంఖ్యని బట్టి ఇస్తారు. కుర్రకారు ఫోన్లలో పడి వేట మానేస్తుంటే అధికారులకి నిద్ర కరువైంది. 2019 చివర్లో చట్టం సవరించి, కొత్త వేటగాళ్లని చేర్పించడానికి కూడా ఈ డబ్బు వాడుకోవచ్చన్నారు. జింకల్ని కాపాడే శాఖ, బాబ్బాబు వచ్చి కాల్చండి అని పిలుస్తోందన్నమాట. మిణుగురులకీ సీతాకోకచిలుకలకీ మాత్రం ఈ భాగ్యం లేదు. తూటా తగిలేంత ఒళ్లు లేకపోవడం వాటి తప్పు. అలాంటి అనామక జీవాల కోసం ఒక బిల్లు 2022 జూన్‌లో కింది సభ గట్టెక్కింది, సెనేట్ గుమ్మం దాటలేదు.

గాలం వేసేవాళ్ల సంగతి వేరే. వాళ్లకి 1950లో డింగెల్-జాన్సన్ చట్టం వచ్చింది. గాలానికి 10 శాతం పన్ను, గాలాలు దాచుకునే పెట్టెకి 3 శాతం. పెట్టెకి ఎందుకు తక్కువో ఆలోచిస్తూ రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. వీళ్లలో ఉత్తములు పట్టిన చేపని ఫొటో తీసి, ముద్దు పెట్టి, తిరిగి నీళ్లలో వదిలేస్తారు. కిందటి వేసవిలో మా అత్తగారు గోదావరి జిల్లా నుంచి వస్తే చెరువు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఆ దృశ్యం చూసి నిర్ఘాంతపోయి, "అంత చేపని ముద్దెట్టుకుని వదిలేస్తాడేంటండీ అల్లుడుగారూ? ఈ దేశంలో చింతపండు దొరకదా?" అన్నారు. సంరక్షణ శాస్త్రం ఆవిడకి వివరించబోయాను. చేప నోటికి కన్నం పెట్టి దాన్ని కాపాడడం అనేది తెలుగులో చెప్పడం కొంచెం కష్టమని అప్పుడే తెలిసింది.

ఇన్ని పద్దుల్లో నా పేరు ఎక్కడా లేదే అని బెంగపడుతుంటే, చేపల ఫండు లెక్కల్లోనే ఒక మూల దొరికింది. పడవల్లో పోసే పెట్రోల్ మీద పన్ను కూడా ఆ ఫండుకే వెళ్తుంది. దాంతోపాటు చిన్న ఇంజన్లలో పోసే పెట్రోల్ మీద పన్ను కూడా. ఆ భాగాన్ని 1990 చట్టం ప్రకారం సముద్ర తీరపు చిత్తడి నేలలు బాగుచెయ్యడానికి వాడతారు, ఎక్కువగా లూసియానాలో. చిన్న ఇంజన్లంటే ఏవి? గడ్డి కోసే మెషిన్లు! కాలనీ అసోసియేషన్ నోటీసుకి భయపడి ప్రతి శనివారం నేను చెమటలు కక్కుతూ తోసేది అదే. ఇన్నేళ్లుగా గ్యాలన్‌కి 18.3 సెంట్ల చొప్పున లూసియానా రొయ్యకి గూడు కట్టిస్తున్నానన్నమాట.

సోమవారం పొద్దున్నే పక్క సీటాయనకి ఈ విషయం ప్రకటించాను. ఆయన ఫోన్ తీసి, ఏడాదికి నా మెషిన్ తాగే పెట్రోల్ ఎంతో అడిగి, లెక్క కట్టాడు. డాలరున్నర కూడా తేలలేదు. "థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అన్నాడు. ఇక్కడ ఆ మాట మామూలుగా సైనికులతో అంటారు.

ఇక మా పెరట్లో మూడు జింకల సంగతి. మా ఆవిడ మే నెలలో విత్తనం వేసి, పందిరి కట్టి, చంటిపిల్లలా సాకిన చిక్కుడు పాదుని సెప్టెంబర్‌లో ఒకే రాత్రి మొదలంటా తినేసి వెళ్లాయి. గోంగూర మడి కూడా సగం పోయింది. పొద్దున్నే చాయ్ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి మోళ్ల వంక చాలాసేపు చూసింది. నేను ఓదార్పుగా, అవీ ప్రాణులే కదా, దేశం మొత్తం కష్టపడి పెంచుకున్నవి అని, 1937 నుంచి మొదలుపెట్టబోయాను.

"మీ ఆఫీసులో ఆ పక్క సీటాయన్ని ఒకసారి భోజనానికి పిలవండి" అంది. "వచ్చేటప్పుడు ఏమీ తేవద్దని మాత్రం చెప్పకండి."