రీసెట్ లైన్ ఏ ఒక్క డ్రైవర్ సొత్తూ కాదు

కెర్నెల్ డ్రైవర్లు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉండి పరికరాలను నడిపే కోడ్, రాసేవారి మధ్య ఒక మాట బాగా చలామణీలో ఉంది. సారాంశం ఇది: "రీసెట్ కోసం ప్రత్యేకంగా డ్రైవర్ అక్కర్లేదు. రిజిస్టర్‌లో ఒక బిట్ రాయాలి, కాసేపు ఆగాలి, ఆ బిట్ తీసేయాలి. ఏ పరికరం డ్రైవర్‌లో దానికి అది రాసుకుంటే సరిపోతుంది. పనిచేయకపోతే ఆగే సమయం పెంచాలి. ఎక్కడ తేడా వచ్చినా రీసెట్ చేస్తే పరికరం మొదటి స్థితికి వచ్చేస్తుంది." కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు దీన్ని నమ్మి కోడ్ రాస్తున్నారు. ఆ కోడ్ ఎదురుగా ఉన్న బోర్డు మీద పనిచేస్తుంది కూడా. కాబట్టే దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేను.

ముందు ఆ "ఒక బిట్" సంగతి. చాలా చిప్‌లలో రీసెట్ల కోసం 32 బిట్ల రిజిస్టర్ (హార్డ్‌వేర్‌ను నియంత్రించే చిన్న నిల్వ గది) ఉంటుంది. అందులో ఒక్కో బిట్ చిప్‌లోని ఒక్కో భాగానిది, అంటే ఒక్కో బ్లాక్‌ది. 3వ బిట్ యూఎస్‌బీది, 7వ బిట్ ఈథర్నెట్‌ది అనుకుందాం. బిట్ 1గా ఉంటే ఆ బ్లాక్ రీసెట్‌లో ఉన్నట్టు. బూట్ సమయానికి రెండూ రీసెట్‌లోనే ఉన్నాయి, అంటే కింది ఎనిమిది బిట్లు 10001000. ప్రాసెసర్‌లోని రెండు కోర్ల మీద రెండు డ్రైవర్లు ఒకేసారి మొదలయ్యాయి. రెండూ 10001000 అనే చదివాయి. యూఎస్‌బీ డ్రైవర్ తన బిట్ తీసేసి 10000000 రాసింది. మరుక్షణమే ఈథర్నెట్ డ్రైవర్ తన బిట్ తీసేసి 00001000 రాసింది. చివరగా రాసిందే నిలిచింది కాబట్టి యూఎస్‌బీ బ్లాక్ తిరిగి రీసెట్‌లోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలియని యూఎస్‌బీ డ్రైవర్ తన రిజిస్టర్లు చదవడానికి పోతుంది. రీసెట్‌లో ఉన్న బ్లాక్ కొన్ని చిప్‌లలో సున్నాలు ఇస్తుంది, కొన్నింటిలో బస్ (బ్లాక్‌ల మధ్య డేటా నడిచే దారి) ఎర్రర్ వస్తుంది, మరికొన్నింటిలో జవాబే రాదు. చదవబోయిన కోర్ అక్కడే నిలిచిపోతుంది. తప్పు ఒక చోట, లక్షణం మరో చోట. అదీ ఎప్పుడో ఒకసారి మాత్రమే కనబడుతుంది. ఇలాంటి లోపాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో వెతికినవారికే తెలుసు.

దీనికి "ప్రతి డ్రైవర్‌లో ఒక లాక్ పెడదాం" అనే జవాబు వినిపిస్తుంది. లాక్ అంటే ఒకసారికి ఒకరినే లోపలికి రానిచ్చే ఏర్పాటు. ఎవరి లాక్ వారి దగ్గర ఉంటే అది ఎవరినీ ఆపదు. లాక్ రిజిస్టర్‌తోపాటు ఉండాలి. ఆ రిజిస్టర్‌కు ఒకే యజమాని ఉండాలి. రీసెట్ కంట్రోలర్ డ్రైవర్ అంటే ఆ యజమానే. కొన్ని చిప్‌లలో బిట్లు పెట్టడానికి ఒక రిజిస్టర్, తీసేయడానికి మరో రిజిస్టర్ ఉంటాయి. అక్కడ చదివి మార్చి రాయాల్సిన అవసరమే లేదు. మరికొన్నింటిలో అర్థం తిరగబడుతుంది, 0 అంటేనే రీసెట్. ఈ తేడాలన్నీ ఒకచోట తెలిస్తే చాలు. యూఎస్‌బీ డ్రైవర్ వీటిని ఎందుకు మోయాలి?

"దానికి అది రాసుకుంటే సరిపోతుంది" అన్న రెండో వాదన ఇక్కడితోనే సగం కూలింది. మిగతా సగం, రెండు బ్లాక్‌లకు ఒకే రీసెట్ లైన్ (రీసెట్ సంకేతాన్ని మోసే తీగ) ఉన్నప్పుడు కూలుతుంది. ఒక యూఎస్‌బీ బ్లాక్‌లో రెండు కంట్రోలర్లు ఒకే లైన్‌ను పంచుకోవడం అరుదేమీ కాదు. ఒక డ్రైవర్‌ను తొలగిస్తే అది పద్ధతిగా తన బ్లాక్‌ను రీసెట్‌లో పెట్టి వెళుతుంది. పక్కన డేటా పంపుతున్న రెండో కంట్రోలర్ మధ్యలోనే ఆగిపోతుంది. లైనక్స్‌లో 2013లో, 3.10 వెర్షన్‌తో వచ్చిన రీసెట్ కంట్రోలర్ ఫ్రేమ్‌వర్క్ ఇలాంటి చిక్కులకు చోటు కల్పించింది. తర్వాత అందులో సొంత రీసెట్, పంచుకున్న రీసెట్ అనే తేడా స్పష్టమైంది. పంచుకున్న లైన్‌ను రీసెట్ నుంచి ఎందరు విడుదల చేయించుకున్నారో ఫ్రేమ్‌వర్క్ లెక్క ఉంచుతుంది. చివరివారు కూడా వద్దన్నాకే లైన్ నిజంగా రీసెట్‌లోకి వెళుతుంది. సొంతమని ఒకరు తీసుకున్న లైన్‌ను మరొకరు అడిగితే "బిజీ" అనే ఎర్రర్ వస్తుంది.

దీనికో షరతు ఉంది, ఫ్రేమ్‌వర్క్‌ను ఇష్టపడేవారు సైతం దాన్ని మరిచిపోతుంటారు. పంచుకున్న లైన్‌ను రీసెట్‌లో పెట్టమని అడిగితే అది పెట్టి తీరుతుందన్న హామీ లేదు. "నాకు ఇక అక్కర్లేదు" అని చెప్పడం వరకే ఆ పిలుపు అర్థం. తన బ్లాక్ శుభ్రమైన స్థితిలో మొదలు కావాలనుకునే డ్రైవర్ పంచుకున్న లైన్ మీద ఆధారపడకూడదు.

మొదట చెప్పిన ఆ మాటలో నిజం ఎంత ఉందో కూడా చెప్పాలి. బిట్ రాసే పని నిజంగానే చిన్నది. అయితే ఆ చిన్న పనిని లైనక్స్‌లోని "రీసెట్ సింపుల్" డ్రైవర్ ఇప్పటికే లాక్‌తో సహా చేస్తోంది, చాలా చిప్‌లకు అదే సరిపోతుంది. పని చిన్నదే అయితే దాన్ని మళ్ళీ మళ్ళీ రాయడానికి కారణం మరీ తక్కువ.

ఇక "పనిచేయకపోతే ఆలస్యం పెంచండి". అన్నిటికన్నా ఎక్కువ హాని చేసింది ఈ సలహాయే అని నా అభిప్రాయం. రీసెట్‌కు కావలసింది చాలాసార్లు సమయం కాదు, క్లాక్ అంచులు, అంటే బ్లాక్‌ను నడిపే సంకేతం 0 నుంచి 1కి మారే క్షణాలు. రీసెట్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆ సంకేతాన్ని సాధారణంగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల (క్లాక్ అంచు దగ్గర ఒక బిట్‌ను పట్టుకునే సర్క్యూట్ల) గుండా పంపుతారు, బ్లాక్ అంతా ఒకే అంచు దగ్గర మేల్కొనడం కోసం. ఆ బ్లాక్ 32,768 హెర్ట్జ్ క్లాక్ మీద నడిస్తే ఒక్క అంచుకు సుమారు 30.5 మైక్రోసెకన్లు. వేరే డ్రైవర్ నుంచి తెచ్చుకున్న 10 మైక్రోసెకన్ల ఆలస్యంలో ఒక్క అంచు కూడా రాకపోవచ్చు. క్లాక్ ఆపేసి ఉంటే గంట ఆగినా ప్రయోజనం లేదు. అప్పుడు సరిచేయాల్సింది క్లాక్‌ను ఎప్పుడు తెరవాలన్న వరుస.

రాసిన బిట్ వెంటనే చేరుతుందన్న నమ్మకం కూడా తప్పే. ప్రాసెసర్ రాసింది బస్‌లో ఎక్కడో ఆగి ఉండగానే ఆలస్యం లెక్క మొదలైపోవచ్చు. మొదటి రాత ఆలస్యంగా, రెండోది వెంటనే చేరితే రీసెట్ పల్స్ అనుకున్నంత పొడవు ఉండదు. అదే రిజిస్టర్‌ను తిరిగి చదివి, ఆ తర్వాత లెక్క మొదలుపెట్టాలి. ఒక్క లైను పని.

ఎంతసేపు ఆగాలో హార్డ్‌వేరే చెప్పగలిగిన చోట దాన్నే అడగాలి. ఎన్‌వీఎంఈలో (ఎస్‌ఎస్‌డీల ప్రమాణం) కంట్రోలర్‌ను నడిపించే బిట్ తీసేశాక, సిద్ధంగా ఉందని తెలిపే బిట్ సున్నా అయ్యేదాకా చూడాలి. గరిష్ఠంగా ఎంత ఆగాలో కంట్రోలరే 500 మిల్లీసెకన్ల లెక్కన ఒక రిజిస్టర్‌లో రాసి ఉంచుతుంది. కార్డులను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ బస్‌లో ఒక ఫంక్షన్‌ను (పరికరంలోని ఒక విడి భాగాన్ని) రీసెట్ చేస్తే దానికి 100 మిల్లీసెకన్లు ఇవ్వాలని ప్రమాణమే చెబుతోంది. ఈ అంకెలు ఊహించినవి కావు. స్పిన్‌లాక్ (ఖాళీ అయ్యేదాకా తిరుగుతూ ఎదురుచూసే లాక్) పట్టుకుని, ఇంటరప్ట్‌లు (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలు) ఆపి ఉంచిన చోట ఎవరైనా ఆలస్యం పెంచితే, ఆ కోర్ మీది పనులన్నీ అంతసేపూ ఆగిపోతాయి.

చివరిది: "తేడా వస్తే రీసెట్ చేయండి." మెమరీకి డేటా పంపుతున్న బ్లాక్‌ను తీసుకుందాం. 16 విడతల్లో డేటా ఇస్తానని బస్‌కు చెప్పింది, 5 ఇచ్చింది, అప్పుడు మీరు రీసెట్ చేశారు. మిగతా 11 విడతల కోసం అవతలి వైపు ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆ దారిలో వచ్చే ఇతర బ్లాక్‌ల పనులూ దాని వెనుక నిలిచిపోతాయి. పాడైనది ఒక పరికరం, ఆగిపోయింది యంత్రం మొత్తం. అందుకే ముందు డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరం మెమరీతో చేసే డేటా బదిలీ) ఆపాలి, దారిలో ఉన్నవి ముగిసేదాకా హద్దు పెట్టుకుని ఆగాలి, ఆ తర్వాతే రీసెట్, ఆ తర్వాతే క్లాక్ ఆపడం.

పైగా రీసెట్ అన్నిటినీ తుడిచేయదు, తుడిచేసేవాటిలో మనకు కావలసినవి ఉంటాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో కొన్ని రిజిస్టర్లు ఫంక్షన్ రీసెట్ తర్వాత కూడా పాత విలువలనే పట్టుకుని ఉంటాయి. ఏ ఎర్రర్ వచ్చిందో తర్వాత చదవగలగడానికి కావాలనే అలా పెట్టారు. ఇతర బ్లాక్‌లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు. స్థితి రిజిస్టర్లను ముందు చదివి దాచకుండా రీసెట్ చేస్తే, అసలు కారణం అక్కడే చెరిగిపోతుంది.

"మా బోర్డు మీద పనిచేస్తోంది" అనేవారికి ఒక్క విన్నపం. కెర్నెల్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ ఆ బ్లాక్‌ను రీసెట్ నుంచి ముందే విడుదల చేసి ఉండవచ్చు. అప్పుడు మీ డ్రైవర్ తప్పు బిట్ రాసినా తేడా తెలియదు. డేటా నడుస్తుండగా డ్రైవర్‌ను పరికరం నుంచి విడదీసి మళ్ళీ కలపండి. యంత్రాన్ని నిద్రపుచ్చి లేపండి. ఒక కెర్నెల్ నుంచి నేరుగా మరో కెర్నెల్‌లోకి దూకించండి. ప్రతిసారీ ఆ రీసెట్ రిజిస్టర్‌ను, ఆ బ్లాక్ క్లాక్ స్థితిని చదివి పక్కపక్కన పెట్టి చూడండి.