సవరణ: హైదరాబాద్‌లో రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా పార్కు చూసేందుకు రూమ్ ఎక్కడ తీసుకోవాలి

దసరా సెలవుల పోస్టులో ‘సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర హోటల్ తీసుకోండి’ అని రాశాను. అది కాజీపేటలో రైలెక్కి వెళ్లేవాళ్లకు, అదీ రాత్రి దిగేవాళ్లకు మాత్రమే. సొంత కారులో వెళ్లేవాళ్లు ఆ సలహా పట్టించుకోవద్దు.

హన్మకొండ నుంచి జనగామ, భువనగిరి మీదుగా వెళ్తే ఘట్‌కేసర్ దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. అక్కడ ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగితే రామోజీ ఫిల్మ్ సిటీ దగ్గరే. అదే ఔటర్ మీద ఇంకొంచెం ముందుకెళ్తే వండర్‌లాకు రావిర్యాల ఎగ్జిట్. ఉప్పల్ ట్రాఫిక్‌లో పిల్లలను ఏడిపించాల్సిన పనే లేదు. కాబట్టి రెండూ చూడాలనుకుంటే హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్‌బీ నగర్ వైపు రూమ్ చూసుకోండి. బస్సులో తిరిగేవాళ్లకైతే ఎల్‌బీ నగరే మేలు, మెట్రో కూడా ఉంది.

ఫిల్మ్ సిటీ లోపలి తార, సితార హోటళ్ల గురించి కూడా అడిగారు. సితార ఖరీదైనది, తార కొంచెం తక్కువ. అమ్మమ్మ, తాతయ్య వెంట ఉంటే లోపలే ఉండడం నిజంగా సుఖం, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చవచ్చు. అయితే రూమ్ ధరలో ఎంట్రీ టికెట్ కలిసి ఉందో లేదో బుక్ చేసేముందే అడగండి. అందరికీ టికెట్లు విడిగా కొనాల్సి వస్తే లెక్కే మారిపోతుంది.

వండర్‌లా నీళ్ల ఆటలకు నైలాన్ లాంటి సింథటిక్ బట్టలే వేసుకోవాలి, అవి పూర్తిగా తడిసిపోతాయి. అందుకే బట్టలారేసుకోవడానికి బాల్కనీ ఉన్న రూమ్ అడగండి.