ఎర్రమంజిల్‌కు తీర్పొక్కటే చాలదు, సున్నం కావాలి

హైదరాబాద్ మెట్రోలో పంజాగుట్టకూ ఖైరతాబాద్‌కూ మధ్య ఎర్రమంజిల్ స్టేషన్ వస్తుంది. పేరులో ఎరుపు గుట్టది. నిజాం కొలువులో పెద్ద పదవులు చేసిన నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ ఆ ఎర్రగుట్ట మీద మహలు కట్టి, ‘ఎర్ర’కు దగ్గరగా పలికే ఫారసీ మాట ‘ఇరమ్’ వెతికి దానికి పేరుగా పెట్టుకున్నాడు. అంటే స్వర్గవనం. జనం మాత్రం దాన్ని మళ్లీ ఎర్రమంజిల్ చేసుకున్నారు. నవాబు స్వర్గం జనం నోట్లో నిలవలేదు!

యూరప్ బరోక్ పోకడ, ఎత్తయిన స్తంభాలు, గోడలనిండా గచ్చుతో తీర్చిన లతలు, వందకు పైగా గదులు. ఆ హంగు చూసి రాతిపని అనుకుంటాం గానీ అందులో చాలా భాగం సున్నం పనితనమే.

2019 జూన్‌లో ఈ మహలు కూల్చి ఇక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని తెలంగాణ మంత్రివర్గం తీర్మానించింది, శంకుస్థాపన కూడా జరిగింది. అదే సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. వారసత్వ ప్రేమికులు పండగ చేసుకున్నారు. చేసుకోవాల్సిందే. కానీ కూల్చొద్దన్న తీర్పు, కురిసే కప్పును బాగుచేయదు కదా.

ఇంకో మాట కొందరికి రుచించకపోవచ్చు. దశాబ్దాలపాటు సర్కారు ఆఫీసులు ఇందులో నడవడం వల్లే మహలు పాడైందంటారు. సగమే నిజం. మనిషి అలికిడి లేని దేవిడీలు, అంటే పాత నవాబుల భవంతులు, ఈ నగరంలో ఎన్ని అపార్టుమెంట్లయిపోయాయో చూశాం. ఫైళ్ల బీరువాలైనా సరే, లోపల ఎవరో ఉండబట్టే ఇది నిలిచింది.

అసలు చేటు మరమ్మతుల్లో ఉంటుంది. పాత సున్నపు గోడ తేమను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు పొంగుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. ఊడిందని మళ్లీ సిమెంటే! గానుగలో రుబ్బిన సున్నంతో పని తెలిసిన మేస్త్రీని పిలిస్తే పని నెమ్మదిగా సాగుతుంది, ఖర్చూ ఎక్కువే. తక్కువ రేటు వేసినవాడికే పని కట్టబెట్టే టెండరులో ఆ మేస్త్రీ నెగ్గలేడు. వారసత్వ కట్టడాలకు ముందు మార్చాల్సింది ఆ టెండరు షరతులనే.