ఒక్క నిమిషం గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఒక్క నిమిషం గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా ఎప్పటిలాగే మా అందరి నాలుక చివర కాలు మీద కాలేసుకుని కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మిమ్మల్ని ఎరగని ఇల్లు లేదు. భోజనానికి రమ్మంటే మీరు. ఫోన్ పక్కన పెట్టమంటే మీరు. బయల్దేరదాం పదండంటే సరే సరి, మీ తర్వాతే ఎవరైనా. "ఒక్క నిమిషం, వచ్చేస్తున్నా" అన్న మనిషి ఎప్పుడొస్తాడో ఆ మనిషికే తెలీదు. పేరుకి అరవై సెకన్లే గానీ మీ పొట్టలో అరగంట అవలీలగా పడుతుంది. బస్సు తప్పితే ఇంకో బస్సు ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ మీతో నాకు పేచీ రాలేదు. మొన్న ఒక రాత్రి వచ్చింది.

రాత్రి రెండున్నర. మా అపార్ట్‌మెంట్ కింద మీటర్ల గదిలో ఏదో కాలి, పొగ మెట్ల మీదుగా పైకి రావడం మొదలైంది. అలారం మోగింది. మాది నాలుగో అంతస్తు. నేను లేచి కూర్చుని చేసిన మొదటి పని, అదే ఆగుతుందేమో అని చూడటం. అది మీరు తిన్న మొదటి నిమిషం. ఆగలేదు. తలుపు తీశాను. ఎదురింటాయన కూడా తలుపు తీశారు. ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను.

"ఏంటండీ?"

"ఏమోనండీ. టెస్టింగేమో."

"రాత్రి రెండున్నరకా?"

"ఏమోనండీ."

ఇద్దరం తలూపుకుని ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నాం. మా ఇద్దరిదే తెలివితక్కువతనం అనుకునేరు. 1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఫారాలు నింపమని చెప్పి, గోడలోని చిన్న కంతలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరిని, ముందే నేర్పిపెట్టి, ఏమీ పట్టనట్టు కూర్చోబెడితే మాత్రం పదిమందిలో ఒక్కడంటే ఒక్కడే లేచాడు. తక్కిన తొమ్మిదిమంది దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, పొగని చేత్తో తోసుకుంటూ ఫారం పూర్తిచేసే పనిలో ఉండిపోయారు. ఆ గదిలో మీరు ఎక్కడ కూర్చున్నారో నాకు తెలుసు. ఆ తొమ్మిదిమంది ఒళ్లోనూ మీరే.

మళ్లీ మా ఇంటికొద్దాం. పొగ వాసన వచ్చాక ఇక అనుమానం లేదు. మా ఆవిడ "ఏమండీ, ముందు దిగండి!" అంది. నేను వెంటనే మిమ్మల్ని తలుచుకున్నాను. "ఒక్క నిమిషం! కాగితాలు!" కాగితాలు బీరువాలో. బీరువా తాళం ప్యాంటు జేబులో. ప్యాంటు ఉతకాల్సిన బట్టల బుట్టలో అడుగున. ఇంకో గదిలోంచి మా అమ్మ, "ఒరేయ్, నా కళ్లజోడు ఎక్కడ పెట్టానురా?" అది వెతుకుతుంటే నాకు ఛార్జర్ గుర్తొచ్చింది. ఛార్జర్ కోసం వెళ్తే గ్యాస్ గుర్తొచ్చింది. తీరా బయటపడదామంటే ఇనుప గ్రిల్‌కి లోపలి నుంచి తాళం. దొంగలు రాకూడదని వేసిన తాళం ఆ రాత్రి మమ్మల్ని దొంగల్లా లోపలే పెట్టింది.

మా అమ్మాయి మాత్రం అలారం మోగగానే లేచి తలుపు దగ్గర నిలబడింది. నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో బళ్లో డ్రిల్ చేయించారట. "ఏమీ తీసుకోవద్దని మేడం చెప్పింది నాన్నా" అని మూడుసార్లు అంది. మూడుసార్లూ నేను మీ పేరే చెప్పాను.

మెట్లు దిగడం ఇంకో యాత్ర. ప్రతి అంతస్తులోనూ చెప్పుల స్టాండు, గాలి లేని సైకిలు, ఎవరూ ఎక్కని వ్యాయామ యంత్రం. మంటల్ని, పొగని ఆపడానికి మెట్ల దగ్గర పెట్టిన బరువైన తలుపు మూసి ఉండాలి. అది తెరిచే ఉండేలా ఎవరో ఇటుక అడ్డం పెట్టారు. అడిగితే "మాటిమాటికీ తీయడం విసుగండీ, ఒక్క నిమిషం పని కదా, మళ్లీ తీసేద్దామని" అన్నారు. ఆ ఇటుక వయసు నాలుగేళ్లు. అందరూ చేరాల్సిన చోటు ఇదీ అని రాసిన బోర్డు కూడా మాకుంది. దాని ముందు కార్లు పెడతారు కాబట్టి దాన్ని చదివిన భాగ్యం కార్లదే.

కిందికి చేరాక చేతిలో చూసుకుంటే ఒక ఫైలు, టీవీ రిమోట్ ఉన్నాయి. రిమోట్ ఎందుకు తెచ్చానో ఇప్పటికీ చెప్పలేను. ఫైల్లో మా ఇంటి కాగితాలు లేవు. ఎప్పుడో అమ్మేసిన ఫ్రిజ్ వారంటీ కార్డు, వాడే విధానం పుస్తకం ఉన్నాయి. మా అమ్మ కళ్లజోడు పైనే ఉండిపోయింది. నిప్పు ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. మీ అసలు బలం అక్కడే ఉందండీ. ఏమీ కాని ప్రతిసారీ మీ పరపతి ఇంకాస్త పెరుగుతుంది.

మర్నాడు కూర్చుని మీ కొలత ఎంతో కాస్త చదివాను. స్పాంజి సోఫాలు, ప్లాస్టిక్ కర్టెన్లు ఉన్న ఇప్పటి ఇళ్లలో అలారం మోగాక బయటపడటానికి ఒక్కోసారి రెండు నిమిషాలే ఉంటాయని అగ్నిప్రమాదాల గురించి చెప్పేవాళ్లు మొత్తుకుంటున్నారు. రెండంటే మీరూ, మీ తమ్ముడూ. మంట అక్కడెక్కడో ఉన్నా పొగ ముందొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. పడుకునేటప్పుడు గది తలుపు మూసుకుంటే ఆ పొగని కొంతసేపు ఆపుతుందని, పొగలో వంగి నేలకి దగ్గరగా పాకాలని, తలుపు తీసేముందు చేతి వెనకవైపుతో వేడి చూడాలని, లిఫ్టు జోలికి పోకూడదని నాకు ఇన్నేళ్లకి తెలిసింది.

మీకు చోటు దొరకని ఊళ్లూ, రోజులూ కూడా ఉన్నాయండోయ్. 2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో దిగుతున్న ఒక పెద్ద విమానం రన్‌వే మీదున్న చిన్న విమానాన్ని ఢీకొట్టి మంటల్లో చిక్కుకుంది. ఆ చిన్న విమానంలో ఐదుగురు పోయారు. పెద్దదానిలో ఉన్న 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. తలల మీద అరల్లో సామాను అలాగే వదిలేసి దిగారు. తర్వాత విమానం బూడిదైంది. అన్ని సీట్లున్నా మీకు ఒక్కటి దొరకలేదు చూడండి. అసలు పెద్ద విమానాలకి అనుమతి ఇచ్చేముందే, సగం తలుపులు పనిచేయకపోయినా 90 సెకన్లలో అందరూ దిగగలరని తయారుచేసినవాళ్లు చూపించాలి. అంటే ఆకాశంలో మీకు ఒకటిన్నర వాటా మాత్రమే. మా ఇంట్లో మీరు ఏకంగా కాపురం పెట్టారు.

ఇండోనేషియాలో సిమెలూ అని ఒక దీవి. 1907లో సునామీ వచ్చి అక్కడ ఎందరినో తీసుకుపోయింది. బతికినవాళ్లు దానికి 'స్మాంగ్' అని పేరు పెట్టి, పాటల్లో, కథల్లో పిల్లలకి చెబుతూ వచ్చారు. భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కిపోతే, ఇంక ఏదీ చూసుకోకుండా కొండెక్కమని. 2004 డిసెంబరు 26న భూమి ఊగింది. "స్మాంగ్! స్మాంగ్!" అని అరుచుకుంటూ జనం కొండలెక్కేశారు. దాదాపు 78 వేల జనాభాలో పోయింది ఏడుగురు. ఆ పక్కనే ఆచే తీరంలో లక్షకు పైగా పోయారు. సిమెలూ వాళ్ల దగ్గర సైరన్ లేదు, సెల్ ఫోన్‌లో మెసేజ్ లేదు. ఉన్నదల్లా నాయనమ్మలు చెప్పిన ఒక్క మాట.

నీళ్ల దగ్గర మీ వేషం వేరే. "మోకాలి కిందే కదా, ఒక్క నిమిషంలో దాటేస్తా." జోరుగా పారే నీరు 15 సెంటీమీటర్లుంటే చాలు, పెద్ద మనిషి కాళ్లు లాగేస్తుంది. 60 సెంటీమీటర్లుంటే చాలా కార్లు తేలిపోతాయి. తుఫాను నడిమధ్యన గాలి నెమ్మదించే చోటు ఉంటుంది, దాన్ని తుఫాను కన్ను అంటారు. అది మీకు వేసవి విడిది. గాలి ఠక్కున ఆగి, నక్షత్రాలు కూడా కనిపిస్తే జనం "అయిపోయిందిలే, ఒక్క నిమిషం మేడ మీద రేకులు చూసొస్తా" అంటారు. కన్ను దాటాక అదే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. రేకుల్ని చూడటానికి వెళ్లిన మనిషినే అప్పుడు రేకులు చూస్తాయి.

ఇదంతా చదివాక మా ఇంట్లో ఒక సంచి తయారైంది. నిజానికి పాత సంచి ఒకటి అటక మీద ఎప్పట్నుంచో ఉంది. దించి చూస్తే అందులో టార్చిలైటు, దాని లోపల బ్యాటరీలు కారిపోయి స్ప్రింగుకి తెల్లగా ఉప్పులా పట్టేసి ఉన్నాయి. స్విచ్ నొక్కితే వెలుగు రాలేదు, తుప్పు రాలింది. కొత్త సంచిలో బ్యాటరీలు టార్చిలో కాకుండా పక్కన కవర్లో పెట్టాం. కాగితాల నకళ్లు నీళ్లు దిగని కవర్లో. అసలువి ఎక్కడున్నాయో నలుగురికీ తెలుసు, బీరువా తాళానికి కూడా మేకు దొరికింది. మా అమ్మ మందులు వారానికి సరిపడా, ఏది ఎప్పుడో రాసిన చీటీతో సహా. ఆవిడ పాత కళ్లజోడు. చిన్న నోట్లు, ఎందుకంటే కరెంటు పోతే ఫోన్‌తో డబ్బు కట్టడమూ పోతుంది. పవర్ బ్యాంకు, చిన్న రేడియో, ఒక ఈల. శిథిలాల కింద గొంతు కంటే ఈల ఎక్కువసేపు పనిచేస్తుంది.

నీళ్ల దగ్గర మాత్రం ఇంట్లో యుద్ధమే జరిగింది. మనిషికి రోజుకి దాదాపు నాలుగు లీటర్లు, కనీసం మూడు రోజులకి పెట్టుకోవాలంటారు. నలుగురికి 48 లీటర్లు. అది భుజాన వేసుకుని నాలుగంతస్తులు దిగే వీరుడెవరో ముందుకు రావాలని మా ఆవిడ అంది. ఎవరూ రాలేదు. చివరికి ఆ నీళ్లు ఇల్లు కదలలేని రోజులకని ఇంట్లోనే ఉంచి, సంచిలో రెండు సీసాలు పెట్టాం. నన్నడిగితే మా అమ్మ ఎత్తలేని సంచి సంచే కాదు.

విడిపోతే కలుసుకోవడానికి గేటు అవతల దీపస్తంభం కింద చోటు అనుకున్నాం. వేరే ఊళ్లో ఉన్న మా పిన్నికి ఒక్కొక్కరం ఒక్కో మెసేజ్ పెట్టాలని కూడా. ఆపదలో ఫోన్లు కలవకపోయినా మెసేజ్ చాలాసార్లు ఎలాగో దూరిపోతుంది. గ్రిల్ తాళంచెవి ఇప్పుడు గ్రిల్ పక్కనే, బయటివాళ్ల చెయ్యి అందనంత దూరంలో వేలాడుతోంది. ఇటుక సంగతి అసోసియేషన్ వాళ్లకి రాతపూర్వకంగా ఇచ్చాను. "ఒక్క నిమిషం సార్, చూస్తాం" అన్నారు. మిమ్మల్నే కమిటీలో వేసినట్టున్నారు.

ఇంత రాశానని మిమ్మల్ని వెలివేస్తున్నానని అనుకోకండి. ఆదివారం పగటిపూట రండి. బ్యాటరీలు మార్చేటప్పుడు, మందుల తేదీలు చూసేటప్పుడు ఎన్ని నిమిషాలైనా కూర్చోండి, కుర్చీ వేస్తాను. అలారం మోగాక మాత్రం మా గుమ్మం తొక్కొద్దు.

ఇట్లు,
రిమోట్‌తో దిగినవాడు

తా.క.: నిన్న ఇంట్లో డ్రిల్ చేశాం. మొదటిసారి కిందికి చేరడానికి ఆరు నిమిషాల పది సెకన్లు, రెండోసారి మూడు నిమిషాల నలభై. తేడా అంతా మా అమ్మ చెప్పులది. అవి ఇప్పుడు తలుపు పక్కకు వచ్చాయి. దీపస్తంభం కింద నిలబడి సంచి తెరిచి చూస్తే, మందుల కవరు కింద టీవీ రిమోట్ ఉంది. నేను పెట్టలేదు. మా అమ్మాయి ఒట్టేసి తను కాదంది. మా అమ్మ మాత్రం పాత కళ్లజోడు తుడుచుకుంటూ, సీరియల్ టైమైంది, ముందు అదిలా ఇమ్మంది.