ఎవరి మూర?

అంతరిక్ష రంగానికి నా వంతుగా ఒక సూచన. రాకెట్లు ఎగరేసే ప్రతి సంస్థా ఇకమీదట పూలు బేరమాడటం వచ్చిన మనిషిని ఒకరిని జీతమిచ్చి పెట్టుకోవాలి. ఇంజినీర్లు నొచ్చుకున్నా సరే, దేశాల డబ్బుతో వ్యవహారం కదా.

1999 సెప్టెంబరు 23న నాసావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ తొమ్మిది నెలలు ప్రయాణం చేసి అంగారకుడిని చేరింది. గ్రహం చాటుకు వెళ్లింది. అంతే, మళ్లీ పలకలేదు. ఆరా తీస్తే సంగతి బయటపడింది. నౌకను సరిదిద్దే చిన్న రాకెట్లు, అంటే థ్రస్టర్లు, వెలిగినప్పుడల్లా ఎంత తోపు పడిందో లెక్కకట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్ పౌండ్లలో మాట్లాడింది. అందుకున్నవాళ్లు న్యూటన్లు అనుకున్నారు. పౌండు బలమంటే సుమారు 4.45 న్యూటన్లు. దాంతో 226 కిలోమీటర్ల ఎత్తున పోవాల్సిన నౌక 57 కిలోమీటర్లకు దిగిపోయింది. 80 కంటే కిందికొస్తే బతకదని ముందే తెలుసు. 12.5 కోట్ల డాలర్ల నౌక. లెక్క ఎక్కడో తేడా కొడుతోందని కొందరికి మధ్యలోనే అనుమానం వచ్చింది కూడా. కానీ పద్ధతి ప్రకారం ఫిర్యాదు పెట్టకుండా ఈమెయిళ్లలో గొణుక్కుంటూ కూర్చున్నారు.

మా అత్తయ్యయితే గొణగదు.

గుడి ముందు పూలమ్మి మోచేతికి దండ ఆనించి, వేళ్ల దాకా లాగి "ఒకటి" అంటుంది. "వేళ్లు చాపు" అంటుంది అత్తయ్య. "చాపాను కదమ్మా!" "ఎక్కడ చాపావు? మధ్యవేలు ముడిచే ఉంది. అయినా నీ చెయ్యి పొట్టి, ఇలా తే, నా చేత్తో కొలుస్తా." కొలిచాక, తెంచబోయే ముందు, కొసరు ఇంకో నాలుగు పూలు. అర నిమిషంలో కొలమానం ఏదో తేలిపోయింది, పరికరం తనిఖీ అయింది, రెండో మనిషి విడిగా కొలవడం అయింది, భద్రత కోసం కాస్త మిగులు కూడా చేతికొచ్చింది. ఇవే నాలుగు పనులకు నాసాలో కమిటీలుంటాయి.

కెనడావారిది ఇంకో కథ. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కి 22,300 కిలోల ఇంధనం కావాలి. గేజీలు పనిచేయడం లేదు. కొలబద్ద ముంచి లీటర్లు చూశారు, వాటిని 1.77తో గుణించి కిలోలనుకున్నారు. ఆ 1.77 లీటరుకు పౌండ్ల లెక్క. కిలోలు కావాలంటే 0.8 చిల్లరతో గుణించాలి. కావలసినదాంట్లో సగం కూడా లేకుండానే విమానం లేచింది. 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అడుగంటింది, ఆపై ఇంజిన్లు ఆగిపోయాయి. కెప్టెన్‌కు సరదాగా ఇంజిన్ లేని గ్లైడర్లు నడిపే అలవాటుండటం 69 మంది అదృష్టం. గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరం రన్‌వే మీద, కార్ల పందేలకు వచ్చిన జనం చూస్తుండగా, దించేశాడు. అందరూ బతికారు. ఎత్తు అడుగుల్లో, ఇంధనం కిలోల్లో, పోసింది లీటర్లలో, గుణించింది పౌండ్లలో.

యూరప్‌వాళ్లు నయమనుకుంటున్నారా? రైన్ నది మీద లాఫెన్‌బుర్గ్ దగ్గర జర్మనీ ఒక ఒడ్డు నుంచి, స్విట్జర్లాండ్ రెండో ఒడ్డు నుంచి వంతెన కట్టుకొచ్చాయి. జర్మనీకి సముద్రమట్టమంటే ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరిది, స్విస్‌వాళ్లకు మార్సేయ్ దగ్గరిది. తేడా 27 సెంటీమీటర్లు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు! తెలిసే సరిచేశారు. కాకపోతే కలపాల్సిన చోట తీసేశారు. 2003లో చూసుకుంటే తేడా 54 సెంటీమీటర్లయింది. చివరికి జర్మనీ వైపు కట్టడాన్ని దించి కలిపారు. 1628లో స్టాక్‌హోమ్ రేవు దాటకుండానే మునిగిన వాసా ఓడలోనూ నాలుగు కొలబద్దలు దొరికాయి. రెండింటికి అడుగంటే 12 అంగుళాలు, మిగతా రెండింటికి 11. ఓడ మునిగింది పైబరువు వల్లేలెండి, పాపం కొలబద్దల మీదికి మొత్తం తోసెయ్యకూడదు.

మన సంగతికొస్తే, మనం పుట్టిందే ఈ గందరగోళంలో. జ్వరం 102, ఎండ 44, రెండూ డిగ్రీలే. స్థలం గజాల్లో, ఇల్లు చదరపు అడుగుల్లో, పొలం సెంట్లలోనో గుంటల్లోనో. కారు టైరు మీద 185/65 ఆర్ 15 అని రాసి ఉంటుంది: వెడల్పు మిల్లీమీటర్లలో, ఎత్తు శాతంలో, రిమ్ము అంగుళాల్లో. అందులో కొట్టే గాలి పౌండ్లలో, నాసాను ముంచిన ఆ పౌండ్లలోనే. పంక్చర్ షాపు కుర్రాడు ఇవన్నీ ఒక్క చేత్తో సర్దేసి, రెండో చేత్తో ఫోన్ మాట్లాడుతుంటాడు.

నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. రాత్రికి రాత్రి అంకణం సగమైన నేల మీంచే ఆ మరుసటి ఏడాది చంద్రయాన్-3 లేచి, చంద్రుడి మీద క్షేమంగా దిగింది. దీన్ని ఏ విజ్ఞాన పత్రికా ఇంతవరకు పట్టించుకోలేదు.

నేను చెప్పిన కొత్త ఉద్యోగం గురించి అత్తయ్యతో అన్నాను. జీతం డాలర్లలో ఇస్తారన్నాను. ఆవిడ పూలు కట్టడం ఆపకుండానే అడిగింది:

"ఏ డాలర్లు? అమెరికావా, కెనడావా?"