దాచు, దాచి, దాచాడు: ఈ ‘చ’ సంగతి ముందు తేల్చండి

చాప, చేప అని ఒకసారి పైకి అనండి. చాప అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గరే ఆగిపోతుంది, చేపకి అంగిలి దాకా పోతుంది. పాతకాలంలో మొదటిదాన్ని ౘ అని నెత్తిన గుర్తు పెట్టి మరీ రాసేవాళ్లు, ఇప్పుడా గుర్తు పోయినా పలకడంలో తేడా మాత్రం పోలేదు. అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ ముందు చ, మిగతా అచ్చుల ముందు ౘ, కాబట్టి వర్ణం ఒకటే, వేషాలు రెండు అని పాఠం చెప్పేస్తారు. చక్రం, చాక్లెట్ అడ్డొస్తే అవి అరువు మాటలు లెండి అంటారు. సరే.

మరి దాచు? అందులో ౘ. దాచిలో చ. ఇంతవరకూ బానే ఉంది. దాచాడులో పక్కనున్నది ఆ, లెక్కప్రకారం ౘ రావాలి, కానీ రాదు! ఎందుకంటే అక్కడ ఒక ఇ ఉండేది. సీమలో ఇప్పటికీ దాచినాడు అంటారు, తెలంగాణలో దాచిండు. ఆ ఇ వచ్చి ౘని చ చేసేసి, తర్వాత తాను మెల్లగా జారుకుంది.

1968లో భాషాశాస్త్రవేత్తలు చామ్‌స్కీ, హాలీ చెప్పిన పద్ధతిలో అయితే ఇది రెండు లైన్ల పని: ముందు ఇ పక్కన ౘని చ చేసే సూత్రం, దాని తర్వాత ఆ ఇని తీసేసే సూత్రం. 1993లో ప్రిన్స్, స్మొలెన్‌స్కీ ఆప్టిమాలిటీ థియరీ తెచ్చాక ఈ వరస సూత్రాలు పాతచింతకాయ పచ్చడి అయిపోయాయి. అందులో మధ్య మెట్లుండవు, వీలున్న రూపాలన్నీ ఒకేసారి పోటీ పడతాయి, పెద్ద నిబంధనని దాటనిది గెలుస్తుంది. పైకి వినపడని ఇ అక్కడ ఎవరికి కనపడాలి? మార్పు ఉండి దాని కారణం పైకి కనపడకపోవడం, దీనికే ఒపాసిటీ అని పేరు. దీనికోసం మెకార్తీ సింపతీ థియరీ అని ఒక అతుకు, కిపార్‌స్కీ పోటీని అంచెలంచెలుగా నడిపి ఇంకో అతుకు వేశారు. అంచెలంటే మళ్లీ వరసేగా! ఆమాటకొస్తే పాణిని సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయి చివరి మూడు పాదాల్లో సూత్రాల వరసే ప్రాణం, అక్కడ ముందు సూత్రానికి తర్వాతది జరిగినట్టే తెలీదు.

కోస్తావాళ్లు ఒక మాట అంటారు, దాచాడులో చ పక్కనున్నది ఆ కాదండీ, బ్యాంకులో వినపడే అచ్చు, అందుకే చ వచ్చింది అని. న్యాయమైన మాటే, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూడా ఆ అచ్చుని విడిగా లెక్కలోకి తీసుకున్నారు. కానీ నిక్కచ్చిగా ఆ అనేవాళ్లూ చ తోనే అంటున్నారు కదా, వాళ్లనేం చేద్దాం?

పోనీ చ గొడవే వదిలేయండి. ‘చదువు’ అనే మాట ‘చదివి’ అయింది, చివర ఇ ఉంది కాబట్టి మధ్యలో ఉ కూడా ఇ అయిందంటారు, ఒప్పుకుంటా. మరి చదివాడులో ఆ చివరి ఇ ఎక్కడుందో చూపించండి.