టీ కొట్టు దగ్గరికెళ్తేనే వచ్చే మెయిల్

ఆఫీసులో కుళాయి కారితే ప్లంబర్ వచ్చేదాకా ఆగుతారు. మెయిల్ ఆగితే మాత్రం ఉన్నవాళ్లందరూ ఇంజనీర్లే.

గుంటూరు బ్రాడీపేటలో ఓ ఆడిటరు గారి దగ్గర నేను లెక్కలు రాస్తాను. మా క్లయింట్లలో సగం మంది మిర్చి వ్యాపారులు. జీఎస్టీ 3బీ రిటర్ను గడువు 20వ తేదీ అని వాళ్లకి బాగా తెలుసు. అందుకే కొనుగోలు బిల్లులు సరిగ్గా 20వ తేదీ పొద్దున్నే మెయిల్ చేస్తారు.

పోయిన నెల ఆ పొద్దున్నే మెయిల్ ఆగింది. సెండ్ రిసీవ్ నొక్కితే పచ్చగీత సగం దాకా పాకి, అక్కడ కాసేపు కునుకు తీసి, చివరికి ఓ ఎర్రర్ చూపించింది.

"ఏమంటోందయ్యా?" అన్నారు ఆడిటరు గారు గదిలోంచి.

"సున్నా, ఎక్స్, ఎనిమిది, రెండు సున్నాలు, మూడు సీలు, సున్నా, ఈ అంటోంది సార్."

"ఎవరి బండి నంబరయ్యా అది?"

సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదని దాని అర్థం. ఎందుకు కుదరలేదో మాత్రం అది చెప్పదు. ఇక వైద్యం మొదలైంది. పాస్‌వర్డ్ మార్చి చూడమన్నారు మా సీనియర్ గారు, ఏ రోగానికైనా ఆయన దగ్గర అదొక్కటే మందు. సీఏ ట్రైనింగులో ఉన్న ఆర్టికల్ అమ్మాయి, మెయిల్ వచ్చే దారి నంబరైన పోర్టు 110 తీసేసి 995 పెట్టింది. ఆమె టీకి వెళ్లగానే పక్క సీటాయన 995 తీసేసి 110 పెట్టాడు. అటెండరు బాబాయి మోడెమ్ వైరు పీకి, ఉఫ్ ఉఫ్ అని ఊది, మళ్లీ గుచ్చి, దేవుడి పటానికి వెలిగించిన అగరబత్తిని దారిలో దానికీ ఓసారి తిప్పాడు. యాంటీవైరస్‌ని తిట్టనివాడు లేడు.

విచిత్రం ఏమిటంటే, మిగతావన్నీ వస్తున్నాయి. జీఎస్టీ పోర్టల్ తెరుచుకుంటోంది, క్రికెట్ స్కోరు బంతి బంతికీ కదులుతోంది. మా మెయిల్ ఒక్కటే రాదు. ఈలోగా ఆర్టికల్ కుర్రాడు వీధి చివర టీ కొట్టు దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. "సార్, ఇక్కడ నా ల్యాప్‌టాప్‌కి ఫోన్ డేటా కలిపితే బిల్లులన్నీ దిగిపోతున్నాయి!"

అందరం పరిగెత్తాం. నిజమే. ఫోన్ డేటా మీద ఎవరి ఫోన్లో చూసినా మెయిల్ వస్తోంది. గుమ్మం దాటి ఆఫీసు వైఫై తగలగానే మూగనోము పడుతోంది. వాస్తు దోషమేమోనని బాబాయి అనుమానం. పోనీ టీ కొట్టు దగ్గరే పని కానిచ్చేద్దామంటే, "ఆడిటరు బెంచీ మీద కూర్చుని రిటర్నులు వేస్తే నా పరువేం కావాలి?" అన్నారు సార్.

హైదరాబాద్‌లో బీటెక్ చదివే ఆయన మేనల్లుడు ఫోన్లోనే చికిత్స చేశాడు. "మావయ్యా, డీఎన్ఎస్ దగ్గర నాలుగు ఎనిమిదులు కొట్టు." కొట్టారు. సార్ సొంత మెయిల్స్ జలజలా రాలాయి. "చూశారా, మా వాడు!" అని ఆయన ఇటు తిరిగేలోపే మా లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ తెరుచుకోనంది, ప్రింటర్ కనిపించనంది. డీఎన్ఎస్ అంటే, కంప్యూటర్ పేరు చెబితే దాని నంబరు అడ్రస్ (ఐపీ) చెప్పే డైరెక్టరీ. ఆ నాలుగు ఎనిమిదులది 2009 నుంచి గూగుల్ నడిపే డీఎన్ఎస్. దానికి ప్రపంచంలో ఎవరెక్కడున్నారో తెలుసు గానీ, మా బాత్రూమ్ పక్కన మూలనున్న సర్వర్ పేరు ఎలా తెలుస్తుంది? ఎనిమిదులు తీసేశాం. మెయిల్ పోయింది, టాలీ వచ్చింది.

మధ్యాహ్నానికి హార్డ్‌వేర్ అబ్బాయి వచ్చాడు. నల్లతెర తెరిచి ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి, మా మెయిల్ సర్వర్ అడ్రస్ ఆఫీసు సర్వర్‌ని ఓసారి, గూగుల్‌ని ఓసారి అడిగాడు. రెండూ రెండు జవాబులు చెప్పాయి.

"పోయిన వారం మెయిల్‌ని వేరే కంపెనీకి మార్పించారా సార్?"

మార్పించారు, చవకని. కొత్త అడ్రస్ లోకానికంతా తెలిసింది. ఆఫీసుకి డీఎన్ఎస్ పని కూడా చేసే మా మూలనున్న సర్వర్‌లో మాత్రం, ఎప్పుడో ఎవరో మా డొమైన్ పేరుతో సొంత జోన్, అంటే పేర్ల జాబితా, కట్టి, మెయిల్ అన్న పేరుకి ఎదురుగా పాత ఐపీని చేత్తో కొట్టి వెళ్లారు. ఊళ్లో మిగతా పేర్లన్నీ ఆ సర్వర్ బయట కనుక్కునే చెబుతుంది. మా పేరు ఎత్తితే మాత్రం, ఉమ్మడి కుటుంబంలో పెద్దాయనలా, "మా ఇంటి సంగతి నేనొకర్ని అడిగేదేమిటి?" అని అందర్నీ పాత అడ్రస్‌కే తోలుతుంది. అక్కడేమో తలుపు తీసే నాథుడు లేడు.

ఇంటర్నెట్‌కి ముందు తరమైన ఆర్పానెట్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లూ అడ్రసులూ ఒకే ఫైల్లో ఉండేవి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దాన్ని చేత్తో దిద్దుతుంటే, మిగతావాళ్లు కాపీ చేసుకునేవారు. ఆ తిప్పలు తప్పించడానికే 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించాడు. మా సర్వర్‌కి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

అబ్బాయి ఒక్క లైను మార్చాడు. పాత జవాబు గుర్తుపెట్టుకున్న కంప్యూటర్లన్నిటి చేతా ఫ్లష్ డీఎన్ఎస్ కొట్టించి మరిపించాడు.

"ఎంతయ్యా?"

"ఐదొందలు సార్."

"లైనుకా?"

బేరం ఎటూ తేలకుండానే నేను సెండ్ రిసీవ్ నొక్కాను. అందరూ నా కుర్చీ చుట్టూ మూగారు. పచ్చగీత ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దర్జాగా వెళ్లింది. కొత్త మెయిల్స్ లేవు.

మళ్లీ నొక్కాను. లేవు. గుంపులో వెనక నిలబడ్డ ఆర్టికల్ కుర్రాడు గొంతు సవరించుకున్నాడు.

"సార్, టీ కొట్టు దగ్గర మెయిల్ పీఓపీలో, అదే సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతిలో, పెట్టుకున్నా కదా... దించుకున్నాక సర్వర్‌లో కాపీ ఉంచాలా అని ఓ టిక్కు ఉంది. మనకి చోటు చాలదేమోనని తీసేశాను."

"అంటే బిల్లులన్నీ నీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయా? తే మరి!"

"మా అన్నయ్యకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందంటే ఇచ్చి పంపాను సార్. తెనాలికి."

ఎవరూ మాట్లాడలేదు. అటెండరు బాబాయి మేకుకి తగిలించిన బండి తాళాలు తీసుకుని, "తెనాలిలో ఎక్కడ బాబూ?" అన్నాడు.